తెగిన చోటే వేరు

మా మేడ మీద 14 పెయింటు డబ్బాలున్నాయి. అడుగున మేకుతో పొడిచిన చిల్లులు. లోపల సగం ఇసుక, సగం ఎర్రమన్ను, పైన గుప్పెడు చివికిన పేడ. మొన్న మిరుగం కార్తె ముందు ఒక్కో డబ్బాలో మూడేసి కొమ్మలు గుచ్చాను. మేడి, మర్రి, రావి, వావిలి, గుంపెన, వేప. మొత్తం 42. దసరా నాటికి బతికి ఉన్నవి 17. వావిలి ఒక్కటీ పోలేదు. మేడి, మర్రి సగం సగం. రావి ఒకే ఒక్కటి. వేప మాత్రం నా మొహమైనా చూడకుండా ఎండిపోయింది.

సోలాపూర్‌లో, అందులోనూ కొంతం చౌక్‌లో, ఇలాంటి పని పెట్టుకున్నవాణ్ణి ఏ పనీ లేనివాడంటారు. ఇది సాంచెల, అంటే మరమగ్గాల పేట. పొద్దున లేస్తే చెవిన పడేది పిట్ట కూత కాదు, నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు. దుకాణం మీద బోర్డు మరాఠీ, లోపల బేరం తెలుగు, చివరికి లెక్క తేలేది మళ్ళీ మరాఠీలో. ఎక్కడన్నా నాలుగు గజాల ఖాళీ కనిపిస్తే ఇక్కడ ఎన్ని సాంచెలు పడతాయా అని చూసే కళ్ళు మావి. వానా అంతంతమాత్రమే, ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల చుట్టూ. ఎండాకాలం నల్లరేగడి నెర్రెలిస్తే చెయ్యి దూరుతుంది.

ఈ కొమ్మల పిచ్చి నాకు మా మునగ చెట్టు కూలినప్పుడు పట్టింది. రెండేళ్ళ కిందట, మే నెలాఖరున, వాన కన్నా ముందు వచ్చే గాలిదుమారానికి వాకిట్లోని మునగ వేళ్ళతో సహా పక్కకు ఒరిగింది. తాత నాటిన చెట్టని ఇంట్లో పేరు. కూలిన చెట్టు చుట్టూ నిలబడి అందరూ కొమ్మల కేసి చూస్తుంటే నేను మొదలు కేసి చూశాను. అంత లావు మానుకు కింద ఉన్నవన్నీ తాళ్ళలాంటి పక్కవేర్లే. నిటారుగా కిందికి దిగిన వేరు ఒక్కటీ లేదు. తల్లివేరు లేని చెట్టు ఇన్నేళ్ళు ఎలా నిలబడిందా అనిపించింది.

తాత ఏ ఏడు వచ్చాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. సోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో లేచింది. ఆ తరవాత ఈ ఊరు నిజాం ఇలాకాలోని సాలె వాడలను ఒక్కొక్కటిగా పిలుచుకుంది. కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి కరువుకు కొందరు, అప్పుకు కొందరు, మేనమామ వెంట కొందరు వచ్చారు. మా తాత వచ్చిన కథలో మూడు వస్తువులుంటాయి: చంకలో బట్టల మూట, మూటలో నాడె, తడిగుడ్డలో చుట్టిన మునగ కొమ్మ. నాడె మాట నమ్ముతాను. మునగ దగ్గర కొంచెం ఆగుతాను. షేవగా అన్న పేరుతో ఇక్కడ ఇంటింటా ఉన్న చెట్టును పనిగట్టుకుని అంత దూరం నుంచి ఎవరు మోసుకొస్తారు? అయితే కథ అసాధ్యమేమీ కాదు. నీడన పడేసిన మునగ కొమ్మ వారం పది రోజులైనా పచ్చిగానే ఉంటుంది.

మునగ నాటడం నాకు నేర్పింది అవ్వ. మా ఇళ్ళల్లో అమ్మను అలాగే పిలుస్తాం. ఆమె బీడీలు చుట్టేది. రాత్రి తునికాకు కట్టలను నీళ్ళలో ముంచి, తడి గోనెపట్టాలో చుట్టి పెట్టేది. తెల్లారేసరికి ఆకు మెత్తబడి కత్తెరకు లొంగేది. కొమ్మ నాటే రోజుల్లో అదే పట్టాలో ఒక మూల మునగ కొమ్మకూ చోటు దొరికేది. మోచేతి లావు, రెండు మూడు మూరల పొడవు. పైన కోసిన చోట పేడ ముద్ద పెట్టి టోపీలా అదిమేది, తలలోంచి తడి ఆరిపోకుండా, వాన నీళ్ళు దిగి కుళ్ళిపోకుండా. మూడోవంతు నేలలోకి. మొదట్లో నీళ్ళు తగుమాత్రం. ఎక్కువైతే మునగ కుళ్ళుతుంది.

ఎనిమిదేళ్ళప్పుడు ఆమె చూడకుండా నేనూ ఒక కొమ్మ నాటాను. తలకిందులుగా. అవ్వ వచ్చి చూసి నవ్వింది. "తలకాయ మన్నుల పెడితే కాళ్ళతోని బువ్వ తింటదారా?" అంది. అందుకే కొమ్మ కోసేటప్పుడే గుర్తు పెట్టాలి. కింది కొస ఏటవాలుగా, పై కొస బల్లపరుపుగా. అప్పుడు ఏది తల, ఏది కాలు అని వెతుక్కోనక్కర్లేదు. ఏటవాలు కోతకు ఇంకో లాభం, మట్టికి తగిలే గాయం పెద్దదవుతుంది. గాయం పెద్దదైతే లాభమేమిటన్నది నాకు చాలా కాలం అర్థం కాలేదు.

మా పేటలో కొమ్మ నాటడానికైనా, అంటు కట్టడానికైనా మరాఠీ వాళ్ళ మాటే వాడతాం: కలం. "కలం పెట్టినవా?" అంటే మొక్క సంగతే. తెలుగు బడిలో కూర్చున్న నాకు కలం అంటే రాసేది. రెండు అర్థాలూ ఒకే తలలో ఉన్న పిల్లవాడికి అది పెద్ద తమాషా. ఉర్దూలో ఇప్పటికీ రెంటికీ అదే మాట. తరవాతెప్పుడో రెల్లు కలం చెక్కడం చూశాక తమాషా కాస్తా అర్థమైంది. రాసే రెల్లునైనా, నాటే కొమ్మనైనా ముందు కణుపు చూసి తెంపాలి, కొసను ఏటవాలుగా కోయాలి. తల్లి మొక్క నుంచి విడదీసి, కోస్తే తప్ప రెంటిలో ఏదీ పనికి రాదు.

కోసిన చోట ఏం జరుగుతుందో ఇప్పుడు పుస్తకాలు చెబుతున్నాయి. చిగురు కొసల్లో ఆక్సిన్ అనే పదార్థం తయారవుతుంది. 1928లో ఫ్రిట్స్ వెంట్ అనే డచ్చి శాస్త్రవేత్త ఓట్స్ మొలకల మీద ప్రయోగాలు చేసి దాని ఉనికిని రుజువు చేశాడు. కాండంలో అది తల వైపు నుంచి కాలి వైపుకే దిగుతుంది. నిండు చెట్టులో వేర్ల దాకా పోతుంది. కొమ్మను కోస్తే దారి అక్కడే తెగుతుంది కదా, దిగొచ్చిందంతా తెగిన అంచున గుమిగూడుతుంది. గాయం ముందు కండ పట్టి మూసుకుంటుంది. ఆ పక్కనే, అప్పటిదాకా కాండంగా బతికిన కణాలు కొన్ని పని మార్చుకుని వేరుగా మారతాయి. నర్సరీల వాళ్ళు కొమ్మ కొసకు అద్దే తెల్లపొడి ఈ ఆక్సిన్‌కు వరసైనదే. అవ్వ తలకిందుల కొమ్మను చూసి ఎందుకు నవ్విందో వెంట్ గారి లెక్కలో తేలింది. ఏటవాలు గాయం సంగతీ తేలింది.

కొన్ని చెట్లకు ఈ పని పుట్టుకతో వచ్చు. మర్రిని చూడండి. కొమ్మ చెట్టు మీద ఉండగానే ఊడలు దింపుతుంది. నేల తాకిన ఊడ మానవుతుంది. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి సుమారు 700 ఏళ్ళంటారు; దాదాపు మూడెకరాలు పరుచుకుంది; అందులో అసలు మొదలు ఏదంటే చూపడం కష్టం. 2018లో చెదలు పట్టినప్పుడు దానికి రోగికి పెట్టినట్టే సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందెక్కించారు. అలాంటి చెట్టు కొమ్మను డబ్బాలో పెడితే వేరు వేయడంలో వింతేముంది? కోసిన వెంటనే కారే పాలు కడిగి, ఒక పూట ఆరనిస్తే చాలు.

అయినా నా డబ్బాల్లో 25 కొమ్మలు పోయాయి. పోయిన వాటిలో ఎక్కువ భాగం ముందు చిగురేసినవే. ఈ పనిలో కొత్తవాళ్ళను పడగొట్టేది ఈ చిగురే. నాటిన పది రోజులకు కణుపు దగ్గర పచ్చటి మొన కనబడుతుంది. ఇంట్లో అందరినీ పిలిచి చూపిస్తాం. నిజానికి అప్పటికి కింద ఏమీ లేదు. కొమ్మ తనలో దాచుకున్న పిండితో, తనలో ఉన్న తడితో ఆ రెండాకులు తొడుగుతుంది. దాచుకున్నది అయిపోయేలోగా వేరు పుడితే సరి, లేకుంటే ఆకులు ఒక్క రోజులో వాడిపోతాయి. చిగురు చూసి మురిసిపోకూడదు. పీకి చూడనూ కూడదు. నెలన్నర ఆగి, రెండు వేళ్ళతో మెల్లగా లాగితే కొమ్మ రానని మొరాయించాలి. అప్పుడు వేరు పట్టినట్టు.

ఈ మొరాయింపు గురించి ఆలోచిస్తున్న రోజుల్లోనే మా వాళ్ళ సన్మాన సభ ఒకటి జరిగింది. వేదిక మీది పెద్దమనిషి మైకు పట్టుకుని, మనం మహారాష్ట్రలో ఎంత ఎత్తు ఎదిగినా మన వేర్లు తెలంగాణలోనే ఉన్నాయన్నాడు. చప్పట్లు. నేనూ కొట్టాను. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే అది. ఒకటి రెండు సభల్లో నేనే అన్న మాట. కానీ ఆ రోజు గోళ్ళ సందుల్లో పేడ ఇంకా పోలేదు. ఆ చేతులతో చప్పట్లు కొడుతుంటే అనుమానం వచ్చింది. కొమ్మ తెంపి తెచ్చినప్పుడు వేరు వెంట రాదు, నిజమే. అక్కడ మిగిలిన వేరు నుంచి ఇక్కడి కొమ్మకు నీళ్ళందవు, అదీ నిజమే. మరి ఇన్నేళ్ళూ మనం తాగిన నీళ్ళు ఏ వేరువి?

పోనీ మనది అంటు కట్టిన బతుకా అంటే అదీ కాదు. అంటు మామిడికి ఆ నేలలోనే మొలిచిన మరో మొక్క వేరు దొరుకుతుంది. మగ్గం మీద పాత పడుగు కొసలకు కొత్త పడుగును పోగు పోగునా అతికినట్టు, మనల్ని ఇక్కడి వేరుకు ఎవరూ అతకలేదు. వచ్చినవాళ్ళు ఉత్త కొమ్మలు. మొదటి నాళ్ళలో దాచుకున్న పిండితోనే బతికారు. ఊరి నుంచి బియ్యం, ఊరి పిల్లతో పెళ్ళి, పండక్కి ఊరికి ప్రయాణం. బయటివాళ్ళకు చిగురు కనబడింది. వేరు పుట్టిందెప్పుడో ఎవరూ చూడలేదు, చీకట్లో జరిగే పని కదా.

మా ఇంటి మటుకు ఎప్పుడో చెప్పగలను. ఊళ్ళో మిగిలిన ఇల్లు అమ్మకానికి వచ్చినప్పుడు మా నాయినను వచ్చి వాటా తీసుకుని అక్కడే ఉండిపొమ్మని పాలివాళ్ళు పిలిచారు. సాంచెలకు పని లేని రోజులవి. నాయిన వెళ్ళి, సంతకం పెట్టి, మూడో రోజుకు తిరిగొచ్చాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. స్నానం చేసి కార్ఖానాకు పోయాడు. రెండు వేళ్ళతో లాగితే రాలేదు, అంతే.

ఊరు కూడా ఈ లెక్క తెలిసీ తెలియకనే ఒప్పుకుంది. సోలాపూర్ చాదర్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే ఈ వస్తువు ఈ నేలదని ప్రభుత్వం వేసిన ముద్ర. నేసిన చేతుల్లో ఎన్నో నిజాం ఇలాకా నుంచి నడిచొచ్చినవే; చాదర్ మాత్రం సోలాపూర్‌ది. శ్రావణ పున్నమికి జంధ్యాలు మార్చుకుని మార్కండేయ రథం వెంట నడిచే జనాన్ని చూసినా నాకు ఇదే తోస్తుంది. మా కులకథలో భావనారుషి తామర తూడులోని పోగుతో బట్ట నేశాడంటారు. తూడు కూడా కాండమే కదా. పోగు తీయాలంటే దాన్నీ తెంపాల్సిందే.

లోకంలో ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఉంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడి కూతురు సంఘమిత్ర బోధివృక్షపు కొమ్మను సింహళానికి తీసుకెళ్ళింది. అనురాధపురంలో అది ఇప్పటికీ ఉంది. బుద్ధగయలోని తల్లి చెట్టు కూలింది. ఇప్పుడక్కడున్నది 19వ శతాబ్దం చివర్లో కన్నింగ్‌హామ్ నాటించిన రావి. 1931లో సారనాథ్ విహారం దగ్గర నాటడానికి మొక్క కావలసి వస్తే అనురాధపురం నుంచే తెచ్చుకున్నారు. తల్లి వేరు పోయాక కొమ్మకు పుట్టిన వేరే పుట్టింటికి మొక్కను పంపింది. ఆ రావి వేర్లు బుద్ధగయలో ఉన్నాయని ఎవరైనా ఉపన్యాసం ఇస్తే సింహళం వాళ్ళు ఒప్పుకుంటారా?

వేప దగ్గర నేను ఓడిపోయిన సంగతి చెప్పాలి. నేను కొమ్మలు కోసింది మా సందు చివరి ముసలి వేపకు. ముదురు చెట్టు కొమ్మ వేరు వేయడానికి ఒక పట్టాన ఒప్పుకోదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత నర్సరీ పాఠం కూడానట. అయితే చెట్టు సామెత కన్నా తెలివైంది. ముదురు మానును మొదలు దాకా నరికితే అక్కడి నుంచి లేచే పిలకలు మళ్ళీ లేతవి. వాటికి వేరు తేలిగ్గా పడుతుంది. ఇది విన్నప్పుడు నాకు అవ్వ తునికాకు గుర్తొచ్చింది. అడవుల్లో ఎండాకాలం మొదట్లోనే తునికి పొదలను కొట్టేస్తారు. నెలన్నరకు వచ్చే కొత్త ఆకే బీడీకి మెత్తగా చుట్టుకుంటుంది. కొట్టని పొద ఆకు పెళుసు, చుడితే చిట్లుతుంది. మా పేట ఆడవాళ్ళ వేళ్ళు మూడు తరాలుగా బతికింది, నరికితే లేతబడే ఈ గుణం మీదే.

భాష విషయంలోనూ నేను ముదురు కొమ్మనే. తాత నాటి తెలుగు మా నోట్లో అలాగే ఉంది. కొమ్మ నాటితే వచ్చేది బిడ్డ కాదు, అదే చెట్టు. హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టం మా మాట విని, ఈ మాట మా ముసలమ్మ అనేది అని నవ్వుతాడు. ఆ నవ్వు నాకు గర్వంగా ఉండేది. మొన్న మా మనవరాలు మేడ మీదికొచ్చి, "తాతా, రేపు సుట్టీ కదా, ఝాడ్లకు పాణీ పోద్దామా?" అంది. సుట్టీ, ఝాడ్, పాణీ మరాఠీ. "కదా", "లకు", "పోద్దామా" తెలుగు. సెలవు అనమ్మా, చెట్లు అనమ్మా అని దిద్దబోయి ఆగాను. పడుగు తెలుగుదే, పేక మారింది. మాటలన్నీ నరికేసినా మొదలు నుంచి పిలక లేచింది. బతకడానికి నా ముదురు కొమ్మకన్నా దానికే ఎక్కువ వీలుంది.

కొమ్మలను ఇంతగా మెచ్చుకున్నాక వాటి లోపమూ చెప్పకపోతే, మిమ్మల్ని మునగ చెట్టు ఎక్కించినట్టే అవుతుంది. కొమ్మ అదే చెట్టు గనక తల్లికి లొంగిన తెగులుకు తనూ లొంగుతుంది. గుంపెనలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరుగా ఉంటాయి. ఒక్క మగ చెట్టు కొమ్మలే తెచ్చి కంచె వేస్తే పొలం చుట్టూ పచ్చగా ఉంటుంది, కాయ ఒక్కటీ రాదు, పిట్ట ఒక్కటీ ఆగదు. అందుకే కొమ్మలతో అడవిని పెంచాలని చూడకూడదు. గింజ మొలవని చెట్టును, నాలుగే మిగిలిన చెట్టును కాపాడుకోవడానికి కొమ్మ, అడవికి గింజ. కొమ్మలే పెట్టక తప్పకపోతే పది చెట్ల నుంచి పది కోసుకు రావాలి. ఇక కొమ్మకు తల్లివేరు రాదు. పక్కవేర్లు ఎన్ని పరిచినా, ఒక పెద్ద గాలికి మా మునగలా ఒరగవచ్చు. తల్లివేరు గింజతోనే వస్తుంది.

ఈ చివరి మాట రాశాక కలం పక్కన పెట్టి కిందికి దిగాను. కూలిన మునగ తన ఆఖరి కాపు కాయలను వాకిలంతా చిమ్మిపోయింది. రెక్కల గింజలు మురిక్కాలువ దాకా ఎగిరాయి. అప్పట్లో మొలిచినవి రెండు మిగిలాయి. ఒకటి తాత చెట్టు గుంతలోనే. రెండోది గోడ మొదట్లో, ఉంచితే పునాది పగిలే చోట. ఇన్నాళ్ళూ పైపైన కొమ్మలు విరుస్తూ వచ్చాను, అది మళ్ళీ మళ్ళీ లేస్తూ వచ్చింది.

మనవరాలు దాన్ని రెండు చేతులతో పట్టుకుని లాగింది. రాలేదు. నేనూ పట్టాను. రాలేదు. చివరికి గునపంతో మొరం తవ్వాల్సి వచ్చింది. బయటికొచ్చింది చూస్తే ముల్లంగి అంత లావున తెల్లటి వేరు, నిటారుగా కిందికి. గునపం తగిలి తెగిన చోట ఆవాలు నూరినంత ఘాటు వాసన.

"తాతా, ఇది ఎక్కడి దాకా పోయింది?" అని గుంతలోకి తొంగి చూసింది.

కొస తెగి లోపలే ఉండిపోయింది. ఎక్కడి దాకా పోయిందో నాకూ కనబడలేదు. గుంతలోని రెండో మొక్క జోలికి మేం పోలేదు.